చదివింది ఎక్కడికి పోయింది?



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక తల్లి తన కుమారుణ్ణి చెయ్యి పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది. అబ్బాయి పదవ తరగతి. ప్రీ ఫైనల్ పరీక్షల్లో గణితం, సామాన్యశాస్త్రం రెండూ తప్పాడు.

"ఫాదర్, వీడు చదువుతలేడని అనుకునేరు. రాత్రి పదకొండు దాక నా ముందటనే కూసొని చదివిండు. నేనే పుస్తకం పట్టుకొని అడిగిన. అన్నీ చెప్పిండు. పొద్దుగాల పరీక్షల కూసున్నంక ఒక్కటి గూడ యాదికి రాలేదంటడు. అబద్ధమాడుతున్నడో, తలకాయనే పని చేస్తలేదో, మీరే అడుగుండ్రి" అంది.

అబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి నెమ్మదిగా ఒక మాట అన్నాడు: "పేపర్ ఇచ్చి బయటికొచ్చి సైకిల్ తీస్తుంటే అన్నీ యాదికొచ్చినయ్ ఫాదర్."

తల్లి ఆ మాటను సాకు అనుకుంది. నాకు మాత్రం ఆ అబ్బాయి నిజం చెబుతున్నాడని వెంటనే తెలిసింది. ఎందుకంటే అదే అనుభవం నాకూ ఉంది. మేజర్ సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మౌఖిక పరీక్షకు ముగ్గురు గురువుల ఎదుట కూర్చున్నాను. జ్ఞాపకశక్తిని పెంపొందించుకోవడానికి పునీత తోమాసు అక్వినాసు చెప్పిన నాలుగు సూత్రాలేమిటని అడిగారు. మొదటిది చెప్పాను. మిగతా మూడూ రాలేదు. నాలుక ఎండిపోయింది, చేతులు చల్లబడ్డాయి. భోజనశాలకు వెళ్ళి పళ్ళెం ముందు కూర్చోగానే మూడూ వరుసగా వచ్చి నిలబడ్డాయి! జ్ఞాపకం గురించిన పాఠాన్నే మరచిపోయానని తోటివాళ్ళు చాలా రోజులు నవ్వారు.

ఇది ఒకరిద్దరి కథ కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో పదవ తరగతి, ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో పరీక్షల కాలంలో వినిపించే మాటే. చదివింది ఎక్కడికి పోయింది? నిజంగా పోయిందా? ఈ వారం ఈ ప్రశ్నను కలిసి పరిశీలిద్దాం.

1. జ్ఞాపకానికి మూడు మెట్లు

జ్ఞాపకం అనేది ఒకే పని అని మనం అనుకుంటాం. నిజానికి అందులో మూడు పనులున్నాయి. మొదటిది గ్రహణం, అంటే విషయాన్ని లోపలికి తీసుకోవడం. రెండవది ధారణ, అంటే తీసుకున్నదాన్ని నిలుపుకోవడం. మూడవది స్మరణ, అంటే నిలుపుకున్నదాన్ని అవసరమైనప్పుడు బయటికి తేవడం. మన ప్రాంతంలో "యాదికి వచ్చుడు" అంటామే, అది ఈ మూడవ మెట్టు.

నాల్గవ శతాబ్దం చివర పునీత అగస్టీను తన 'ఒప్పుకోళ్ళు' గ్రంథం పదవ భాగంలో జ్ఞాపకాన్ని విశాలమైన రాజభవనంతో పోల్చాడు. కొన్ని వస్తువులు పిలవగానే వస్తాయి, కొన్నింటిని లోపలి గదుల్లో వెదకాలి, కొన్ని అడగకుండానే గుంపుగా వచ్చి మీద పడతాయి అని వివరించాడు. వనపర్తి రాజభవనం చూసినవారికి ఈ పోలిక సులువుగా అర్థమవుతుంది. 1959లో ఆ భవనంలోనే పాలిటెక్నిక్ కళాశాల వెలసింది. అంత పెద్ద భవనంలో ఒక గది తలుపు బిగుసుకుపోయిందనుకోండి. లోపల ఉన్న సామాను మాయమైపోయిందని ఎవరైనా అంటారా? తలుపు తెరుచుకోవడం లేదు, అంతే. పరీక్ష గదిలో మన పిల్లలకు చాలాసార్లు జరిగేది ఇదే.

2. భయం శరీరంలో ఏమి చేస్తుంది?

ఒత్తిడి అంటే బలహీనుల మనసులో పుట్టే ఊహ కాదు. అది శరీరంలో జరిగే పని. దీనిని మొదట శాస్త్రీయంగా వివరించినవారిలో ప్రముఖుడు హాన్స్ సెల్యే. 1936లో ఆయన ఈ విషయంపై తన తొలి వ్యాసాన్ని ప్రచురించాడు.

సాయంత్రం చేనులోకి వెళ్ళిన రైతుకు కాలి ముందు పాము కనబడిందనుకోండి. క్షణంలో గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది, కండరాలు బిగుస్తాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదిలాయన్నమాట. కొంచెం ఆలస్యంగా, అవే గ్రంథులు కార్టిసాల్ అనే మరో రసాన్ని వదులుతాయి. ఇది మెల్లగా పెరిగి, భయం మొదలైన ఇరవై, ముప్పై నిమిషాలకు ఎక్కువ స్థాయికి చేరుతుంది. ఈ ఏర్పాటు మన ప్రాణరక్షణ కోసమే. పాము ముందు నిలబడినవానికి పరుగెత్తడం ముఖ్యం గాని పైథాగరస్ సిద్ధాంతం గుర్తుండడం ముఖ్యం కాదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మన శరీరానికి పాముకూ ప్రశ్నపత్రానికీ తేడా తెలియదు. రెండింటికీ ఒకే రకంగా సిద్ధమవుతుంది. మెదడు లోపల హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంది. ఆకారంలో సముద్రగుర్రం అనే చేపను పోలి ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. చదివిన పాఠాలను, జరిగిన సంగతులను నిలపడంలోనూ, తిరిగి తేవడంలోనూ దీనిది పెద్ద పాత్ర. 1968లో అమెరికాలో బ్రూస్ మెక్‌యువెన్ అనే శాస్త్రవేత్త, ఎలుకల్లో కార్టిసాల్ జాతి రసాన్ని ఎక్కువగా పట్టుకునే చోటు సరిగ్గా ఇదేనని చూపాడు. అలాగే నుదుటి వెనుక, ఆలోచనను ఒక క్రమంలో నడిపే మెదడు భాగం కూడా తీవ్రమైన ఒత్తిడిలో తడబడుతుంది. లెక్కలో ఒక మెట్టు నుండి ఇంకో మెట్టుకు వెళ్ళలేక పిల్లలు ఆగిపోవడానికి కారణం ఇది.

3. తలుపు మూసుకుంటుంది, గది ఖాళీ కాదు

దీనికి రుజువు ఏమిటని మీరు అడగవచ్చు. 1998లో కాలిఫోర్నియాలో డి కెర్వాన్, రూజెండాల్, మెక్‌గా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. నీటి తొట్టిలో పైకి కనబడకుండా ఒక చిన్న అరుగు పెట్టి, అది ఎక్కడుందో ఈదుతూ కనుక్కోవడం ఎలుకలకు నేర్పారు. మరునాడు వాటికి స్వల్పంగా విద్యుదాఘాతం ఇచ్చి, తిరిగి తొట్టిలో విడిచారు. ఆఘాతం తగిలిన రెండు నిమిషాలకే విడిచిన ఎలుకలు దారి మరువలేదు. నాలుగు గంటల తరువాత విడిచినవి కూడా మరువలేదు. ముప్పై నిమిషాల తరువాత విడిచినవి మాత్రం తడబడ్డాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. నాలుగు గంటల తరువాత దారి తెలిసిందంటే, నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదన్నమాట. కార్టిసాల్ ఉప్పొంగిన సమయంలో మాత్రమే అది అందకుండా పోయింది. 2000లో మనుషుల మీద చేసిన పరీక్షలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ముందురోజు నేర్చుకున్న మాటలను అప్పజెప్పడానికి గంట ముందు కార్టిసోన్ మాత్ర వేసుకున్నవారు తక్కువ మాటలు చెప్పగలిగారు.

ఇప్పుడు మన ఇళ్ళలో పరీక్ష ఉదయాన్ని ఒకసారి లెక్క వేసి చూడండి. బస్సు తప్పుతుందేమోనన్న కంగారు. హాల్ టికెట్ కనబడడం లేదన్న గోల. గడప దాటుతుండగా నాన్నగారి చివరి మాట: "ఈసారి తప్పినవంటే ఇంటికి రాకు." ఆ మాట అన్న అరగంటకో, గంటకో ప్రశ్నపత్రం పిల్లవాని చేతికి వస్తుంది. మనం బాగుకోరి అన్నామనుకునే మాట, సరిగ్గా తలుపు తెరుచుకోవలసిన సమయానికి దానిని బిగించి ఉండవచ్చు.

సువిశేషంలో పేతురు సంఘటన మీకు తెలిసిందే. హెచ్చరిక ముందే విన్నాడు. అయినా ఆ రాత్రి ప్రధానయాజకుని ముంగిట భయం పట్టుకున్నప్పుడు ఆ మాట అతనికి గుర్తుకు రాలేదు. కోడి కూయగానే గుర్తుకొచ్చింది. మాట లోపలే ఉంది. దానిని బయటికి లాగడానికి ఒక జాడ కావలసి వచ్చింది. మన అబ్బాయికి సైకిల్ దగ్గర ఊపిరి నెమ్మదించాక పాఠాలు గుర్తుకు రావడం కూడా ఇటువంటిదే.

4. అయితే ఒత్తిడి అసలే వద్దా?

అలా కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు చుంచెలుకలతో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి గమనించారు. సులువైన పనికి గట్టి ప్రేరణ ఉన్నా నష్టం లేదు. కష్టమైన పనికి మాత్రం మధ్యస్థమైన ప్రేరణే మంచి ఫలితమిచ్చింది, అది ఎక్కువైతే నేర్చుకోవడం దెబ్బతింది. వీణ తీగ వదులుగా ఉంటే పలకదు, మరీ బిగిస్తే తెగుతుంది. పరీక్ష ఉందన్న చిన్న కలవరం పిల్లవాణ్ణి పుస్తకం ముందు కూర్చోబెడుతుంది. అది మేలే.

పైగా, భయం కొన్ని సంగతులను మరింత బలంగా నాటుతుంది. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపురం ప్రాంతాన్ని ముంచెత్తాయి. ఆనాడు ఇల్లు వదిలి పరుగెత్తినవారిని అడగండి. నీళ్ళు ఏ గుమ్మం దాకా వచ్చాయో, చంకలో ఎవరిని ఎత్తుకున్నారో, ఎవరి మిద్దె మీద తలదాచుకున్నారో ఇవాళ జరిగినట్టు చెబుతారు. భయాన్ని గుర్తించే అమిగ్డలా అనే మెదడు భాగం, అటువంటి ఘడియలోని ముఖ్య సంఘటనను గట్టిగా నిలపడానికి తోడ్పడుతుంది.

అందుకే జాగ్రత్త! పిల్లవాణ్ణి కొట్టి లెక్కలు నేర్పితే, అతనికి జీవితాంతం గుర్తుండేది లెక్క కాదు, దెబ్బ.

5. నెలల తరబడి వీడని ఒత్తిడి

ఇంతవరకు చెప్పింది ఒక పూట ఒత్తిడి గురించి. మన మూడు జిల్లాల్లో ఇంకొక రకం ఒత్తిడి ఉంది. అది పరీక్షతో రాదు, పరీక్షతో పోదు.

"పాలమూరు లేబర్" అనే మాట దేశమంతటా ఎందుకు వినబడిందో మనకు తెలుసు. పనికోసం బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు వలస పోయిన తల్లిదండ్రులు పిల్లలను అవ్వతాతల దగ్గర విడిచి వెళ్ళారు. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల సాగులో పూలను చేతితో పరాగసంపర్కం చేయడానికి పిల్లలను బడి మాన్పించి పెట్టిన సంవత్సరాలున్నాయి. బోరు ఎండితే అప్పు, పంట పోతే అప్పు, వడ్డీకి మళ్ళీ అప్పు. రాత్రి గోడ అవతల అమ్మానాన్న గుసగుసగా అప్పుల లెక్క మాట్లాడుకుంటే, నిద్రపోతున్నాడనుకున్న పిల్లవాడు అన్నీ వింటూనే ఉంటాడు.

దీర్ఘకాలం ఒత్తిడికి గురైన జంతువుల మెదడును పరీక్షించినప్పుడు, హిప్పోక్యాంపస్‌లోని కణాల కొమ్మలు కురచబడినట్టు కనబడింది. ఎండాకాలంలో చెట్టు ఆకు రాల్చినట్టు అనుకోండి. సంతోషించవలసిన విషయం ఏమిటంటే, ఒత్తిడి తొలగాక ఆ కొమ్మలు చాలావరకు మళ్ళీ పెరిగాయి.

మరొక పరిశోధన 2013లో వెలువడింది. తమిళనాడులోని చెరకు రైతులకు కోతకు ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు, కొన్ని తెలివి పరీక్షలు పెట్టారు. కోత అయి డబ్బు వచ్చాక అదే రైతులకు మళ్ళీ పెట్టారు. కోతకు ముందు వారు వెనుకబడ్డారు, కోత తరువాత మెరుగుపడ్డారు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. మనసులో సగభాగాన్ని అప్పు ఆక్రమించుకుంది. పెద్దవారికే ఇలా ఉంటే, పదిహేనేళ్ళ పిల్లల సంగతేమిటి? "మా వానికి తెలివి లేదు" అని తీర్పు చెప్పేముందు, వాని మనసులో ఏ బరువు కూర్చుందో ఒకసారి అడిగి తెలుసుకుందాం.

6. అవధాని నేర్పే పాఠం

ఒత్తిడిలోనూ జ్ఞాపకం నిలిచేలా చేసుకోవచ్చా? చేసుకోవచ్చని చూపినవారు మన గడ్డ మీదనే తిరిగారు.

గద్వాలకు "విద్వద్గద్వాల" అని పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులను ఆదరించాయి. అవధానాలకు ప్రసిద్ధులైన తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను దర్శించినవారే. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు ఫలానా అక్షరం వాడవద్దని అడుగడుగునా అడ్డుతగులుతారు. ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యంలో పొదగమంటారు. ఒకవైపు గంట మోగుతుంటే లెక్క పెట్టాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలు వేసి దృష్టి మళ్ళిస్తుంటాడు. చివరకు కాగితం చూడకుండా పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాలి. నిండు సభలో, ఓడితే పరువు పోయే చోట!

అవధానికి భయం ఉండదా? ఉంటుంది. అయినా తలుపు మూసుకోదు. ఎందుకంటే అతడు పద్యాన్ని కళ్ళతో చదివి ఊరుకోడు. పుస్తకం లేకుండా చెప్పుకుంటాడు. మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాడు. గోలలో కూడా చెప్పుకుంటాడు. ఇవాళ శాస్త్రం చెబుతున్నదీ ఇదే. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు, పాఠాన్ని పదేపదే చదివినవారికన్నా, ఒకసారి చదివి చూడకుండా చెప్పుకున్నవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నట్టు కనుగొన్నారు. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 120 మందిని పరీక్షించారు. ఊరికే చదువుకున్నవారు ఒత్తిడి కలిగించాక మరచిపోయారు. చూడకుండా చెప్పుకునే సాధన చేసినవారికి ఒత్తిడి వల్ల నష్టం కలగలేదు. ఒకే దారిన పదిసార్లు నడిస్తే చీకట్లోనూ ఆ దారి కాళ్ళకు తెలుస్తుంది గదా!

ఇప్పుడు నేను పరీక్షలో మరచిపోయిన ఆ నాలుగు సూత్రాలు చెబుతాను. పదమూడవ శతాబ్దంలో అక్వినాసు జ్ఞాపకాన్ని వివేకంలో ఒక భాగంగా ఎంచి వీటిని చెప్పాడు. మొదటిది, గుర్తుంచుకోవలసినదానిని కొంచెం వింతగా ఉండే పోలికతో జోడించు. రెండవది, ఒకదాని నుండి ఇంకొకటి తట్టేలా క్రమంలో అమర్చు. మూడవది, దానిపై శ్రద్ధ, ప్రీతి కలిగి ఉండు. నాల్గవది, తరచూ మననం చెయ్యి. ఏ ప్రయోగశాల లేని కాలంలో చెప్పిన మాటలు ఇవి!

7. ఇంట్లో ఏమి చేద్దాం?

విద్యార్థులకు:

ఒకటి: ఒక పేజీ చదివాక పుస్తకం మూసి, వచ్చినంత చెప్పండి లేదా రాయండి. తరువాత తెరిచి, ఏది వదిలేశారో చూసుకోండి. తప్పు దొరికితే దిగులుపడవద్దు, నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

రెండు: ఒకే పాఠాన్ని ఒకే రాత్రి ఐదుసార్లు చదవడంకన్నా, ఇవాళ, రెండు రోజుల తరువాత, వారం తరువాత చెప్పుకోవడం మేలు.

మూడు: గడియారం ముందు పెట్టుకుని, పాత ప్రశ్నపత్రాన్ని పరీక్షలాగే రాయండి. పరీక్ష గది మీకు కొత్త చోటు కాకూడదు.

నాలుగు: నిద్ర మానుకోవద్దు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదవడమంటే, తెచ్చిన ధాన్యాన్ని గాదెలో పోయకుండా వాకిట్లో వదిలేయడమే.

ఐదు: పరీక్షకు ముందు పది నిమిషాలు మీ భయాలను ఒక కాగితం మీద రాయండి. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, భయపడే విద్యార్థులు ఇలా రాసి పరీక్షకు కూర్చుంటే మెరుగైన ఫలితం పొందారు. కాగితం మీదికి దిగిన భయం మనసులో కొంత చోటు ఖాళీ చేస్తుంది.

ఆరు: పరీక్షలో ఏమీ గుర్తు రాకపోతే కలం పక్కన పెట్టండి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, ఇంకా నెమ్మదిగా వదలండి. ఐదారుసార్లు చాలు. తరువాత బాగా తెలిసిన ప్రశ్న ముందు రాయండి. రానిదానికి జాడ వెదకండి: ఆ పాఠం ఎవరు చెప్పారు, పేజీలో ఏ బొమ్మ ఉంది, దాని ముందు ఏ పాఠం ఉంది? కొస దొరికితే దారం అదే వస్తుంది.

తల్లిదండ్రులకు:

ఒకటి: పక్కింటి పిల్లలతో, బంధువుల పిల్లలతో పోల్చవద్దు.

రెండు: "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగేముందు "ఏం నేర్చుకున్నవు బిడ్డా?" అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. "నాకు చెప్పు, వింట" అని ఎదుట కూర్చోండి. మీకు చెప్పడమే వానికి సాధన.

మూడు: ఇంటి కష్టం పిల్లలకు దాచనక్కర లేదు. కాని "నీ చదువుకోసమే ఈ అప్పంతా" అనే మాట వాని నెత్తిన పెట్టవద్దు.

నాలుగు: పరీక్ష ఉదయం ఇంట్లో గొడవ వద్దు. హాల్ టికెట్, కలాలు ముందురాత్రే సర్దండి. ఏదైనా తినిపించి పంపండి. గడప దగ్గర చివరి మాట చల్లగా ఉండనివ్వండి.

8. ఫలితాల రోజు

పరీక్షకన్నా ఫలితాల రోజు మరింత కఠినమైనది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పారు. తరువాతి కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా అని చూపారు, తిరిగి చూస్తే అది 99 అని తేలింది! తప్పినవారి జవాబుపత్రాలను మళ్ళీ పరిశీలించినప్పుడు వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. దేశమంతటా 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13 వేలకు పైగా ఉన్నారని ప్రభుత్వ లెక్క.

కాగితం మీది అంకె ఎన్ని రకాలుగా తప్పు కావచ్చో ఇప్పటికి మనకు అర్థమైంది. రాసినవాడు తడబడవచ్చు, దిద్దినవారు పొరబడవచ్చు. ఆ అంకె సరైనదే అయినా, అది మూడు గంటల్లో బయటికి వచ్చినదాన్నే కొలిచింది. పిల్లవానిని కొలవలేదు. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. పోయిన బిడ్డకు సప్లిమెంటరీ లేదు.

పిల్లలు తిండి, నిద్ర మానేసినా, ఎవరితోనూ కలవకపోయినా, "నేను లేకుంటే మీకు మంచిది" వంటి మాట అన్నా, తేలికగా తీసుకోవద్దు. దగ్గర కూర్చుని సూటిగా, ప్రేమతో అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలవద్దు, వైద్యునికి చూపించండి. టెలీమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇవాళే గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టండి.

ఇంతకూ ఆ తల్లి, కొడుకుల సంగతి చెప్పలేదు గదూ! ఆ రోజు ఆమెకు రెండే పనులు చెప్పాను. రాత్రి పదకొండు దాకా పుస్తకం పట్టుకుని కూర్చోవద్దు. సాయంత్రం అరగంట వాడు చూడకుండా చెబుతుంటే విను, తప్పు చెప్పినా మధ్యలో తిట్టకు. పబ్లిక్ పరీక్షలయ్యాక ఆమె మళ్ళీ కనబడింది. సామాన్యశాస్త్రం బాగానే గడిచింది, గణితం ఎలాగో గట్టెక్కింది. "ఈసారి పొద్దుగాల ఏమనలేదు ఫాదర్. నెత్తి మీద చెయ్యి పెట్టి పంపిన" అంది.

చదివింది ఎక్కడికీ పోదు. తలుపు తెరుచుకునేలా చూడవలసిన బాధ్యతలో సగం పిల్లలది, సగం మనది.

కుటుంబంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు:

1. తెలిసిన సంగతి సమయానికి గుర్తు రాని అనుభవం మీకు ఎప్పుడు కలిగింది? ఆ కథను మీ పిల్లలకు చెప్పారా?

2. పరీక్ష ఉదయం మీ ఇంట్లో వినిపించే చివరి మాట ఏది? అది ఎలా ఉంటే బాగుంటుంది?

3. మీ పిల్లల మనసు మీద చదువు కాక ఇంకే బరువు ఉంది? ఈ వారంలో ఒక పూట కూర్చుని అడిగి తెలుసుకుంటారా?